కామెర్లు తగ్గాయి – వ్యాధి తగ్గిందా?

(శతవార్షిక సభలలో ఆరోగ్య సదస్సున చదివిన ప్రసంగ పాఠము)



ఈ సభలలో ఆరోగ్యమును గూర్చి కూడా కొన్ని మాటలు ఉండాలని పెద్దలు కోరినప్పుడు, ఏ విషయం ఎంచుకోవాలా అని మాలో మేము కొంత తర్జనభర్జన పడ్డాము. షుగరు ఉంది, రక్తపోటు ఉంది, ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఉంది. వాటిని గురించి మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. కాని ప్రతి ఇంటివారూ పేరు ఎరిగి, ఆనుపానులు మాత్రం ఎరుగని వ్యాధి ఒకటి ఉంది. అది పచ్చకామెర్లు. అందుచేత దానినే ఎంచుకున్నాము.

ముందుగా ఒక మాట మనవి చేయాలి. మేము పెద్ద వైద్యులము కాము. మాలో కొందరు నర్సులుగా, కొందరు ఆసుపత్రి ల్యాబులలో, మందులిచ్చే గదులలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో ఏళ్ళ తరబడి తిరిగి చూసినదీ, పెద్దల వద్ద నేర్చుకున్నదీ మీ ముందు ఉంచుతున్నాము.

"పచ్చకామెర్ల వానికి లోకమంతా పచ్చగా కనబడుతుంది" అని మన సామెత. నిజానికి రోగికి లోకం పచ్చగా కనబడదు. లోకానికే రోగి పచ్చగా కనబడతాడు. మన నెత్తురులోని ఎర్ర కణాలు కొంతకాలం పనిచేసి చితికిపోతాయి. అప్పుడు పసుపుపచ్చని పదార్థం ఒకటి పుడుతుంది. దాని పేరు బిలిరుబిన్. కాలేయం దానిని ఎప్పటికప్పుడు పైత్యరసంతో కలిపి పేగులలోకి పంపివేస్తుంది. కాలేయం దెబ్బతింటే ఆ పసుపు నెత్తురులోనే నిలిచిపోయి కళ్ళకు, చర్మానికి, మూత్రానికి ఎక్కుతుంది. అంటే కామెర్లు అనేది వ్యాధి పేరు కాదు, వ్యాధి పెట్టిన గుర్తు. పొగ కనబడితే ఎక్కడో నిప్పు ఉందని ఎలా అనుకుంటామో, కళ్ళు పచ్చబడితే కాలేయంలో ఏదో జరుగుతోందని అలా అనుకోవాలి. పొగ పోయినంత మాత్రాన నిప్పు ఆరినట్లు కాదు. మేము ఇవాళ చెప్పదలచినది ముఖ్యంగా ఈ ఒక్క మాటే.

ఆ నిప్పు పెట్టే కారణాలు అనేకం ఉన్నాయి. సారా ఉంది, కొన్ని మందులు ఉన్నాయి, పైత్యకోశంలో రాళ్ళు ఉన్నాయి. వాటిలో ఐదు వైరస్‌ల గురించి మాత్రమే ఇప్పుడు చెబుతాము. వీటికి హెపటైటిస్ ఎ, బి, సి, డి, ఇ అని పేర్లు. ఇవి వచ్చే దారులు రెండు. ఎ, ఇ అనేవి నోటి దారిన వస్తాయి. అంటే రోగి మలం కలిసిన నీటివలన, తిండివలన. బి, సి, డి అనేవి నెత్తుటి దారిన వస్తాయి. ఈ రెండు దారులూ గుర్తుంటే తక్కినదంతా సులభం.

నీటి దారి సంగతి మన దేశానికి పెద్ద పాఠంగా తెలిసినది 1955–56లో. ఢిల్లీ నగరంలో నజఫ్‌గఢ్ మురుగు కాలువ నీరు, యమునలో నగరానికి నీరు తీసుకునే చోటికి ఎగదన్నింది. నీటిలో క్లోరిన్ వేశారు. అందుచేత టైఫాయిడ్, విరేచనాలు పెరగలేదు. కాని ఆ మోతాదుకు వైరస్ చావలేదు. కొద్ది వారాలలో సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. ఆ వైరస్ ఏదో చాలా ఏళ్ళు తెలియలేదు. 1983లో బలయాన్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు, రోగుల మలం నుండి వడపోసిన ద్రవాన్ని తానే తాగి, తనకు జబ్బు తెప్పించుకుని, దానిని సూక్ష్మదర్శినిలో చూపించాడు. దానినే ఇప్పుడు హెపటైటిస్ ఇ అంటున్నాము. ఢిల్లీలో దాచి ఉంచిన రోగుల నెత్తురును తరువాత పరీక్షిస్తే అక్కడి కామెర్లు కూడా దీనివే అని తేలింది.

ఢిల్లీ మనకు దూరం అనుకుంటామేమో. 2025 అక్టోబరులో మన కురుపాంలో ఏమి జరిగిందో అందరికీ తెలిసినదే. ఒకప్పుడు విజయనగరం జిల్లాలోనిదై, 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిన ఊరు అది. అక్కడి గిరిజన బాలికల గురుకులంలో వందమందికి పైగా ఆడపిల్లలు కామెర్లతో మంచం పట్టారు. పరీక్షలలో హెపటైటిస్ ఎ బయటపడింది. పార్వతీపురం ఆసుపత్రికి, విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి పిల్లలను తరలించారు. ఆ రోజులలోనే ఆ బడి పిల్లలు ఇద్దరు చనిపోయారు. కొండ మీది ఊళ్ళ నుండి చదువు కోసం పంపిన పిల్లలు! హాస్టలులో అందరిదీ ఒకే వంట, ఒకే నీళ్ళు, అవే మరుగుదొడ్లు. ఒక్కరికి వచ్చినది వందమందికి పాకడానికి ఎక్కువ రోజులు పట్టదు. పైగా ఈ వైరస్ ఒంట్లో ప్రవేశించిన రెండు నుండి నాలుగు వారాలకు గాని కళ్ళు పచ్చబడవు. ఈలోగా రోగి మలంలో అది పోతూనే ఉంటుంది. మనం పచ్చదనం చూసి మేలుకునే వేళకు అది నలుగురికీ అందిపోయి ఉంటుంది.

మన పట్టణాలలో కూడా ఇదే భయం. కుళాయి గొట్టం మురుగు కాలువ పక్కనుండి పోతుంది. ఎక్కడో చిన్న చిల్లు ఉంటుంది. నీళ్ళు వదిలినంతసేపు ఆ చిల్లులోంచి నీరు బయటికి కారుతుంది. నీళ్ళు ఆపగానే లోపల ఒత్తిడి పోయి, బయటి మురుగును గొట్టం లోపలికి పీల్చుకుంటుంది. మరునాడు మొదటి బిందెలో పట్టుకునేది అదే. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతాన తిత్లీ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేక, మోటార్లు తిరగక, నీటి కోసం జనం పడిన పాట్లు మనకు జ్ఞాపకమే. అలాంటి రోజులలోనే నీరు కాచుకోవడానికి కట్టెలు కూడా తడిసిపోతాయి. వరదలూ తుపానులూ మనకు కొత్త కావు గనుక, ఆ తరువాతి రెండు నెలలు కామెర్ల కాలమని మనమే గుర్తుపెట్టుకోవాలి.

ఈ నీటి కామెర్లలో ఒక మేలు ఉంది, ఒక పెద్ద కీడు ఉంది. మేలు ఏమంటే, ఎ, ఇ వైరస్‌లు సోకినవారిలో చాలామందికి నాలుగు నుండి ఆరు వారాలలో వాటంతట అవే తగ్గిపోతాయి. కీడు గర్భిణీ స్త్రీలకు. నెలలు నిండుతున్న గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే నూటికి 20 నుండి 25 మంది వరకు చనిపోవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి గర్భిణికి కళ్ళు పచ్చబడితే ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మందులవాని దగ్గర ఒక్కరోజు కూడా ఆగరాదు.

ఇక్కడే పసరు మందు సంగతి వస్తుంది. మన జిల్లాలలో కామెర్లు అనగానే ముందు గుర్తుకు వచ్చేది పసరు పోసేవారు. కొందరు ముక్కులో పోస్తారు, కొందరు మజ్జిగలో ఇస్తారు. కొన్నిచోట్ల చేతికి వాత పెడతారు. మూడు వారాల చప్పిడి పత్యం. చివరకు రోగి లేచి తిరుగుతాడు. "పసరు పోయించీసినాం, తగ్గిపోనాది" అంటారు. మేము వారిని ఎగతాళి చేయము. వారిలో డబ్బు ఆశించకుండా ఇచ్చేవారు ఎందరో ఉన్నారు. కాని ఎ, ఇ రకాలు ఏ మందూ లేకపోయినా తగ్గేవే గదా. ఊరిలో పదిమందికి కామెర్లు వస్తే తొమ్మిదిమందికి ఎలాగూ తగ్గుతుంది, ఆ పేరు పసరుకు వస్తుంది. తగ్గని పదవవాని సంగతి అతని తలరాత కిందికి పోతుంది.

ఆ పదవవాడు మా బంధువులలోనే ఒకాయన. రాజాం దగ్గరి పల్లె వారిది. 1994లో, తన 22వ ఏట ఆయనకు కామెర్లు వచ్చాయి. పసరు తాగి నెలలో కోలుకున్నాడు. తరువాత ఇరవై రెండేళ్ళు ఆయనకు ఏ జబ్బూ లేదు. ఒకసారి రక్తదాన శిబిరానికి పోయినప్పుడు, నెత్తురులో ఏదో ఉంది, ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోమని చెప్పి పంపారు. మాలో ఒకరం కూడా వెళ్ళమని పోరాము. "కామెర్లకి ఎప్పుడో పసరు తాగీసినాను గదా, మరేటి పరీచ్చ?" అని నవ్వేశాడు. 2016లో కడుపు ఉబ్బి, నెత్తురు కక్కుకుంటే పట్నం తీసుకువెళ్ళారు. హెపటైటిస్ బి అన్నారు. అప్పటికే కాలేయం గట్టిపడి, అందులో కేన్సరు గడ్డ కూడా పెరిగింది. నాలుగు నెలలలో వెళ్ళిపోయాడు. పిల్లలు అప్పటికి కాలేజీలో ఉన్నారు.

వైద్యులు కుటుంబం అంతటికీ పరీక్ష చేయమన్నారు. ఆయన తమ్మునికి ఉంది. చెల్లెలికి ఉంది. ముసలి తల్లికీ ఉంది. అంటే పుట్టుకలోనే తల్లి నెత్తురు నుండి ముగ్గురికీ సోకి ఉంటుందని వారు వివరించారు. 22వ ఏట వచ్చిన కామెర్లు బహుశా నీటి కామెర్లే. అవి తగ్గాయి. అడుగున బి మాత్రం మౌనంగా కూర్చుంది. ఆ తల్లి ఈ మాట విని, "నా పాలలోనే ఇసం ఉందేటి బాబూ?" అని గుండెలు బాదుకుంది. ఆ మాటకు జవాబు చెప్పలేక మేమంతా తల దించుకున్నాము. తరువాత నెమ్మదిగా చెప్పాము: తల్లి పాల వలన ఈ వ్యాధి రాదు. కాన్పు వేళ తల్లి నెత్తురు బిడ్డకు తగలడం వలన వస్తుంది. ఆమె బిడ్డలను కన్న రోజులలో దానిని ఆపే టీకా మన పల్లెలకు రానే లేదు. అందులో ఆమె తప్పు ఏమీ లేదు.

హెపటైటిస్ బి గురించి గట్టిగా గుర్తుంచుకోవలసినది ఇదే. పెద్దవయసులో సోకితే నూటికి 95 మందికి పైగా దానిని తమంతట తాము వదిలించుకుంటారు. పుట్టినప్పుడు గాని, పసితనంలో గాని సోకితే నూటికి సుమారు 95 మందిలో అది జీవితాంతం నిలిచిపోతుంది. కాలేయం నొప్పి చెప్పని మూగ అవయవం. ఇరవై, ముప్పై ఏళ్ళు చెక్కుతూ ఉన్నా మనకు తెలియదు. సి కూడా అంతే. డి అనేది బి ఉన్నవారికి మాత్రమే సోకుతుంది, సోకితే వ్యాధిని మరింత ముదరబెడుతుంది.

ఈ వ్యాధి ప్రపంచంలో ఎంతగా వ్యాపించిందో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో లెక్క చెప్పింది. 2022 నాటికి 25 కోట్ల 40 లక్షల మందికి బి, 5 కోట్ల మందికి సి ఉన్నాయి. ఆ ఒక్క సంవత్సరంలో వీటి వలన 13 లక్షల మంది చనిపోయారు. అంటే రోజుకు 3,500 మంది. మన దేశంలో బి ఉన్నవారు సుమారు 2 కోట్ల 98 లక్షలు, సి ఉన్నవారు సుమారు 55 లక్షలు. అన్నిటికంటె బాధాకరమైన లెక్క మరొకటి ఉంది. ప్రపంచంలో బి ఉన్నవారిలో తమకు ఆ వ్యాధి ఉన్నదని తెలిసినవారు నూటికి 13 మందే. తక్కిన 87 మంది మా బంధువు వలెనే నవ్వుతూ తిరుగుతున్నారు.

అయితే ఈ కథలో మనం సంతోషించవలసిన భాగం కూడా ఉంది. అమెరికా శాస్త్రజ్ఞుడు బ్లంబర్గు 1965లో ఒక ఆస్ట్రేలియా ఆదిమవాసి నెత్తురులో వింతైన పదార్థం ఒకటి కనుగొన్నాడు. అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని తరువాత తేలింది. 1976లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఆయన పుట్టినరోజైన జూలై 28నే ఇప్పుడు ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నారు. 1980ల ఆరంభంలో టీకా వచ్చింది. కాని దాని ధర ఒక్క మోతాదుకు వందల రూపాయలు. మన కూలి కుటుంబాలకు అది అందని పండు. ఆ పండును దించినవాడు తెలుగువాడే. నెల్లూరు జిల్లాకు చెందిన ఇంజనీరు కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, 1997 ఆగస్టులో దేశంలోనే తయారైన శాన్‌వాక్–బి టీకాను సుమారు ఒక డాలరు ధరకు తెచ్చారు. ఈస్టు కణాలలో వైరస్ పైపొరను మాత్రం పండించి చేసే టీకా అది. అందులో వైరస్ ఉండదు గనుక దాని వలన వ్యాధి రాదు. 2011 నాటికి బి టీకా దేశమంతటా పిల్లల ఉచిత టీకాలలో చేరింది.

సి సంగతి ఇంకా ఆశ్చర్యం. 1989 వరకు ఆ వైరస్ ఏదో తెలియదు. అందుచేత అంతకుముందు ఎక్కించిన నెత్తురుకు దాని పరీక్షే లేదు. దానికి నేటికీ టీకా లేదు. కాని మందు ఉంది. మొదట 2013లో అమెరికాలో వచ్చిన మందు ఒక్కొక్క మాత్ర వెయ్యి డాలర్లు. రెండేళ్ళు తిరగకుండా నాట్కో, హెటిరో వంటి మన హైదరాబాదు కంపెనీలు దానిని ఎంతో తక్కువ ధరకు చేశాయి. పన్నెండు వారాలు మాత్రలు వాడితే నూటికి 95 మందికి వ్యాధి పూర్తిగా పోతుంది. బి పూర్తిగా పోదు గాని, రోజుకొక మాత్రతో అణగి ఉంటుంది. వైద్యులు చెప్పనిదే ఆ మాత్ర మానరాదు. 2018 జూలై 28న ప్రభుత్వం జాతీయ కార్యక్రమం ప్రారంభించిన తరువాత ఈ పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇస్తున్నారు.

మన నేల ఉసిరిని గురించి కూడా అడుగుతారని తెలుసు. మద్రాసు వైద్యులు దానిని పరీక్షించి, చాలామంది రోగుల నెత్తురులో బి గుర్తు పోయిందని 1988లో ప్రకటించారు. ఆ పరిశోధనలో బ్లంబర్గు కూడా పాలుపంచుకున్నారు. కాని తరువాత జరిగిన పరీక్షలలో ఆ ఫలితం నిలబడలేదు. పరీక్షకు నిలిచిన మందు చేతిలో ఉండగా నిలవని దానికోసం రోజులు పోగొట్టుకోరాదు.

ఇక సిగ్గు సంగతి. బి ఉందని తెలిస్తే పెళ్ళి సంబంధం తప్పిపోతుందని, పళ్ళెం వేరు పెడతారని భయపడి దాచేవారు ఉన్నారు. సాలూరులోని ఫిలడెల్ఫియా ఆసుపత్రిలో కుష్ఠు రోగులకు సేవ చేసినవారు మనకు తెలుసు. ఆ రోగులను ఊరి బయట పెట్టిన కాలమూ మన పెద్దలకు తెలుసు. అదే తప్పు మరల చేయవద్దు. ఒకే పంక్తిలో తిన్నా, చేయి కలిపినా, దగ్గినా, తుమ్మినా బి, సి రావు. ఆరాధనలో పక్కన కూర్చున్నా, ఒకే పాత్రలో తాగినా రావు. వచ్చేది ఉడకబెట్టని సూదివలన, పరీక్షించని నెత్తురువలన, ఒకరికి వాడిన బ్లేడు మరొకరికి వాడుటవలన, తీర్థాలలో ఒకే సూదితో అందరికీ వేసే పచ్చబొట్లవలన, దాంపత్యం వలన, కాన్పువలన. పెళ్ళికి కూడా అడ్డు లేదు. రెండవవారు ముందుగా మూడు మోతాదుల టీకా వేయించుకుని, రక్షణ వచ్చినదని చూసుకుంటే చాలును.

చివరగా సంఘంగా మనం చేయగలిగినవి కొన్ని మనవి చేస్తాము. క్రిస్మసు విందులకు, కూటములకు వంట చేసేవారు సబ్బుతో చేతులు కడిగిన తరువాతనే వండాలి, వడ్డించాలి. కళ్ళు పచ్చబడినవారు వంటకు రారాదు. తాగే నీరు తెర్లకాచి చల్లార్చి ఉంచాలి. మంగలి దుకాణంలో కొత్త బ్లేడు అడగడానికి మొగమాటపడరాదు. ప్రతి గర్భిణికి బి పరీక్ష జరిగినదీ లేనిదీ స్త్రీల సమాజమువారు విచారించాలి. బిడ్డ పుట్టిన 24 గంటలలోపు మొదటి టీకా, తరువాత 6, 10, 14 వారాలకు తక్కినవి వేయించాలి. తల్లికి బి ఉంటే టీకాతో పాటు మరొక ఇంజక్షను కూడా వెంటనే ఇస్తారు. కామెర్లు వచ్చినవారు సారా ముట్టరాదు. పసరులు, అక్కరలేని మాత్రలు మింగి, దెబ్బతిన్న కాలేయం మీద మరింత బరువు వేయరాదు. అన్నం, పప్పు, పండ్లు మామూలుగా తినవచ్చు. మగతగా ఉన్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఒక్కసారైనా కామెర్లు వచ్చినవారు, ఇంట్లో ఎవరైనా కాలేయ వ్యాధితో పోయినవారు, పాత రోజులలో నెత్తురు ఎక్కించుకున్నవారు, బి, సి రెండు పరీక్షలూ చేయించుకోవాలి. ఒక చుక్క నెత్తురు చాలు.

మా బంధువు చెల్లెలి సంగతి చెప్పి ముగిస్తాము. అన్న పోయే నాటికి ఆమె ఐదవ నెల గర్భిణి. ఆమెకు బి ఉన్నదని అప్పుడే తెలిసింది గనుక, కాన్పు పెద్ద ఆసుపత్రిలో పెట్టుకున్నారు. పుట్టిన కొద్ది గంటలలోనే పాపకు టీకా, ఇంజక్షను రెండూ ఇచ్చారు. ఏడాది దాటిన తరువాత పాప నెత్తురు పరీక్షిస్తే అందులో బి లేదు. తమ్ముడు రోజూ మాత్ర వేసుకుని పొలం పని చేసుకుంటున్నాడు. పాప బడికి పోతోంది. ముసలమ్మ ఆ పాపను ఒడిలో కూర్చోబెట్టుకుని, "ఈ గుంటకి రాలేదు గదా, చాలు" అంటూ ఉంటుంది.

ఒక మనిషి పోయిన తరువాత ఆ ఇంటివారు పరీక్షకు వెళ్ళారు. మన ఇళ్ళలో అంతవరకు ఆగవద్దని ప్రార్థిస్తున్నాము.